మూడుసార్లు చూసే ఐల్సా

కరెంటు పని నేర్చుకున్న నాలుగేళ్ళలో, మొదటి రెండు నెలలు తప్ప, ఐల్సా ఒక్క రోజు కూడా భయం లేకుండా పనిలోకి దిగలేదు. ఈ సంగతి ఆమె మొగుడికి తెలియదు. కంపెనీ యజమాని బ్రైస్‌కి తెలియదు. పని నేర్పిన గిబ్‌కి తెలుసేమో గానీ తెలిసినట్టు కనిపించేవాడు కాదు. పొద్దున్నే ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందు బాత్రూం ఎక్కడో అడిగేది. లోపల గడియ పెట్టుకుని, రెండు చేతులూ వేడినీళ్ళ కింద పెట్టి, తుడుచుకుని, మళ్ళీ చెమట పట్టిందేమో చూసుకునేది. పట్టేది. మళ్ళీ కడుక్కునేది. పాపం ఈవిడకి కడుపులో బాగా లేదు కాబోలని ఇంటివాళ్ళు అనుకునేవాళ్ళు. అనుకుంటే అనుకోనీ, భయమని తెలియడం కన్నా అదే నయమని ఆమె ఊరుకునేది.

ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా ఆమె చేతులకి పిండి తప్ప ఇంకేదీ అంటలేదు. షెటిల్‌స్టన్ రోడ్డులో ఒక రొట్టెల దుకాణంలో పన్నెండేళ్ళు బల్ల వెనక నిలబడింది. పక్కనే పెద్ద బజారొకటి వెలిసి ఆ దుకాణం మూతపడ్డాక, మొగుడు నీల్ బస్సు నడిపి తెచ్చే జీతం ఇంటికి చాలీచాలకుండా ఉన్న రోజుల్లో, బ్రైస్ కంపెనీవాళ్ళు వయసు వచ్చినవాళ్ళని కూడా పనిలో చేర్చుకుని నేర్పుతారని ఎవరో చెప్పారు. వెళ్ళింది. చేర్చుకున్నారు. గ్లాస్గోలో కరెంటు పని చేసే ఆడవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్ళన్నీ తనవైపే చూపిస్తున్నట్టుండేది ఆమెకి, మొదటి ఏడాది.

గిబ్‌కి అరవై ఒకటి. నలభై నాలుగేళ్ళ అనుభవం, పని చెయ్యని ఎడమ చెవి, ఎవర్నీ వదలని నోరు, ఇవీ అతని ఆస్తులు. పాతకాలం పనివాడు కదా, తీగలో కరెంటు ఉందో లేదో చేతి వెనక వైపుతో తట్టి చూసేవాడు. అరచేత్తో ముట్టుకుంటే వేళ్ళు ముడుచుకుని తీగని పట్టేసుకుంటాయి, ఇక వదలవు. వెనక వైపుతో తడితే చెయ్యి దానంతటదే ఇవతలికి గుంజుకుంటుంది. "నలభై నాలుగేళ్ళు చూసుకుందీ చెయ్యి నన్ను," అనేవాడు. "టెస్టర్‌కి బ్యాటరీ అయిపోద్ది గానీ దీనికి అవ్వదు తల్లీ."

ఐల్సా భయం పుట్టుకతో వచ్చింది కాదు. పనిలో చేరిన మూడో నెలలో ఒక బడి వంటగదిలో పెద్ద పొయ్యి వెనక తీగలు విప్పుతోంది. "ఆఫ్ చేసేశా," అన్నాడు తోటి పనివాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మంచివాడు. అతను ఆఫ్ చేసింది పక్క స్విచ్చి. ఐల్సా చెయ్యి తీగకి అతుక్కుపోయింది. అర సెకనో, సెకనో. పళ్ళు గట్టిగా కరుచుకున్నాయి, కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది, ఆ తర్వాత నేల మీద కూచుని ఉంది. చూపుడువేలి చివర చిన్న మచ్చ మిగిలింది. అంతే.

కానీ ఆమెని వెంటాడింది ఆ మచ్చ కాదు, ఆ మనిషి మొహం. వ్యాన్ వెనక నిలబడి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు, నెల తిరక్కుండానే పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఐల్సాకి పట్టుకున్న భయం తనకి షాకు కొడుతుందని కాదు. ఏదో ఒక రోజు తనే 'ఆఫ్' అంటుంది. ఆ మాట నమ్మి ఇంకొకరు చెయ్యి పెడతారు. వాళ్ళు లేవరు. ఈ ఒక్క ఆలోచన ఆమెతోపాటు నిద్ర లేచేది, వ్యాన్‌లో పక్కన కూచునేది, మధ్యాహ్నం రొట్టె గొంతు దిగనిచ్చేది కాదు.

అందుకని నేర్పిన పద్ధతిని ఆమె అక్షరం పొల్లు పోనిచ్చేది కాదు. స్విచ్చి ఆపాక దానికి తన ఎర్ర తాళం వేసేది. తాళానికి తన పేరున్న బిళ్ళ వేలాడేది. తాళంచెవి తాడు కట్టి మెడలోనే. ఆ తాళం ఆమె తప్ప ఎవరూ తియ్యకూడదు, యజమాని అయినా సరే. అది మా పనివాళ్ళ కట్టుబాటు. తర్వాత టెస్టర్. దాన్ని ముందు చిన్న డబ్బా ఒకదాని మీద పెట్టి చూడాలి. ఆ డబ్బాలో బ్యాటరీతో పుట్టించే కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, టెస్టర్ బాగుంటే దాని దీపాలు వెలగాలి. తర్వాత తీగ మీద పెట్టి చూడాలి. చివర్న మళ్ళీ డబ్బా మీద పెట్టి, ఈలోపల టెస్టర్ చచ్చిపోలేదు కదా అని చూడాలి. ఇది అందరికీ నేర్పేదే, పరీక్షలో అందరూ చేసి చూపించేదే. పరీక్ష అయ్యాక కూడా రోజూ చేసేది ఐల్సా ఒక్కతే. పైగా ఒక్కో పని మూడేసిసార్లు చేసేది. భయపడేవాళ్ళని చూసి నవ్వడం మా దగ్గర టీతోపాటు బిస్కెట్టంత మామూలు కాబట్టి, ఆమెకి 'మూడుసార్లు' అని పేరు పెట్టారు.

"ఏం మూడుసార్లూ," అనేవాడు గిబ్ వ్యాన్‌లో చదరపు సాసేజ్ పెట్టిన రొట్టె నములుతూ, "పొద్దున్న ఇంటి తాళం కూడా మూడుసార్లు లాగి చూశావా?"

"రెండుసార్లే."

"మరి మూడోది?"

"బస్సు వచ్చేసింది."

"అయితే ఈపాటికి దొంగలు పడుంటారు. టీవీ పోయుంటది. మీ ఆయన్ని మాత్రం వదిలేసుంటార్లే, అంత లావు మనిషిని మూడంతస్తులు ఎవడు దింపుతాడు."

ఆమె నవ్వేది. గిబ్ అంటే ఆమెకి ఇష్టం. తండ్రి పోయాక తనతో అంత చనువుగా వెటకారమాడిన పెద్దవాళ్ళు లేరు. ఆ ఇష్టం వల్ల భయం ఇంకాస్త పెరిగింది, ఎందుకంటే రోజూ ఆమె మాట నమ్మి చెయ్యి పెట్టేది గిబ్బే.

ఆ ఫిబ్రవరిలో డెనిస్టౌన్‌లో ఓ పాత రాతి మేడలో పని పడింది. రెండో అంతస్తులో ఎడమ పక్క ఇల్లు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు, కొత్తవాళ్ళు వచ్చేలోగా పాత ఫ్యూజుల పెట్టె తీసి కొత్తది పెట్టాలి. వెళ్ళినవాళ్ళు ఎంత గట్టివాళ్ళంటే గదుల్లో బల్బులు కూడా ఊడదీసుకుని పోయారు. పెట్టె హాలు చివర అల్మరాలో, తలుపు పైన, గ్యాసు గొట్టం పక్కన ఉంది. బయట వాన అడ్డంగా కొడుతోంది. లోపల చలి, మసక వెలుతురు, ఎవరిదో పాత కూర వాసన.

"నువ్వు కిందికెళ్ళి ఆపిరా," అన్నాడు గిబ్, చెక్క మెట్లబల్ల వేసుకుంటూ. "ఈలోపల నేను మూత విప్పుతా."

మేడ మొత్తానికి మీటర్లు, ఒక్కో ఇంటికి ఒక్కో పెద్ద స్విచ్చి, అన్నీ కింద మెట్ల వెనక చెక్క బీరువాలో ఉన్నాయి. ఎనిమిది స్విచ్చిలు. ప్రతిదాని కింద ఎవరో ఏనాడో పెన్సిల్‌తో రాసిన అక్షరాలు, సగం చెరిగిపోయి. ఐల్సా టార్చి వేసి చదివింది. రెండు, ఎడమ. మళ్ళీ చదివింది. వేలు పెట్టి మూడోసారి చదివింది. రెండు, ఎడమ. స్విచ్చి కిందికి లాగింది, ఎర్ర తాళం వేసింది, లాగి చూసింది, తాళంచెవి మెడలో వేసుకుంది. తప్పుని మూడుసార్లు చదివినా తప్పే. కానీ అది తప్పని ఆమెకి అప్పటికి తెలియదు.

పైకొచ్చేసరికి గిబ్ మూత తీసేశాడు. లోపల మీటరు నుంచి వచ్చే రెండు లావుపాటి తీగలు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, వేలెడంత మందాన కనిపిస్తున్నాయి. పెట్టెలో మిగతావన్నీ అక్కడే ఆపొచ్చు గానీ ఆ రెండూ కింద ఆపితేనే ఆగుతాయి. వాటి మీద చెయ్యి పడ్డాక కాపాడే ఫ్యూజు ఏదీ ఉండదు.

"ఆపావా?"

"ఆపాను. తాళం వేశాను." ఆ మాట అంటున్నప్పుడే ఎప్పట్లాగే కడుపులో తిప్పింది. "ఉండు గిబ్, ఇంకా టెస్ట్ చెయ్యలేదు."

ఆమె టెస్టర్ ఏడాదికోసారి చేసే తనిఖీ కోసం ఆఫీసుకి వెళ్ళింది. అందుకని ఆ వేళ ఇద్దరికీ గిబ్ పాత టెస్టరే దిక్కు. సంచి అడుగున, టేపు చుట్టలకింద, తీగలు మెలిపడిపోయి ఉంటుందది. గిబ్ దాన్ని పైకి తీసి, ఎవరో మొండి పిల్లకి మందు పోస్తున్నట్టు మొహం పెట్టి, రెండు మొనలూ రెండు తీగలకి ఆనించాడు. ఏ దీపమూ వెలగలేదు.

"చూడు. సున్నా. నీ కళ్ళతో చూడు. ఇప్పుడు మనశ్శాంతేనా?"

"టెస్టర్ పనిచేస్తోందని ఎలా తెలుసు?"

"పోయిన వారం పనిచేసింది."

"పోయిన వారం కాదు, ఇప్పుడు. నా డబ్బా వ్యాన్‌లో ఉంది. తెస్తాను."

"అమ్మా తల్లీ, వ్యాను మలుపు అవతలుంది. ఆ వానలో..."

"తెస్తాను గిబ్. అయిదు నిమిషాలు. నేను వచ్చేదాకా ముట్టుకోకు."

గిబ్ నిట్టూర్చి బల్ల దిగాడు. ఫ్లాస్కు మూతలోకి టీ వంచుకున్నాడు. "వెళ్ళు. నేను టీ తాగుతూ ఈ వాల్‌పేపర్ మీద పూలు లెక్కపెడుతుంటా. పరిగెత్తకు, మెట్లు తడిగా ఉన్నాయి."

ఆమె మెట్లు దిగుతోంది. వందేళ్ళుగా జనం తొక్కి తొక్కి నడుమ గుంటలు పడిన రాతి మెట్లు. వాన నీళ్ళు ఎవరి బూట్లతోనో లోపలికి వచ్చి ఆ గుంటల్లో నిలిచాయి. దిగుతుంటే ఒక్కటే భయం. గిబ్ ఆగడు. నలభై నాలుగేళ్ళలో ఎవరి కోసమూ ఆగని మనిషి. టీ రెండు గుక్కలు తాగుతాడు, గడియారం చూసుకుంటాడు, విసుగొస్తుంది, లేస్తాడు. ఆగితే ఏం, ఆగకపోతే ఏం, ఆపేశాను కదా, మూడుసార్లు చదివాను కదా అని తనకి తను చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ కాళ్ళు వేగం పెంచాయి. మలుపు తిరిగేసరికి పరిగెడుతోంది.

ఫోన్ చేసి 'ఇంకో నిమిషం' అందామనుకుంటే, వ్యాను తలుపు తియ్యగానే గిబ్ ఫోను వ్యాను ముందు అద్దం దగ్గర కనిపించింది. అతను దాన్ని ఎప్పుడూ వెంట తీసుకెళ్ళడు. డబ్బా ఎక్కడుందో దొరకలేదు. సీటు కింద చూసింది, రొట్టెల సంచి కింద చూసింది, చివరికి తన రెండో కోటు జేబులోనే ఉంది. చేతులు తడిసిపోయాయి, అది వానో చెమటో ఆమెకే తెలియలేదు. తలుపు మూసిందో లేదో కూడా చూసుకోకుండా వెనక్కి పరిగెత్తింది. జీవితంలో ఒక తాళాన్ని ఒక్కసారి కూడా చూసుకోకుండా వదిలేసింది ఆ వేళే.

రెండో అంతస్తు చేరేసరికి ఎదురింటి తలుపు తెరుచుకుని ఉంది. గడపలో ఉన్ని శాలువా కప్పుకున్న ముసలావిడ నిలబడింది. పేరు మిసెస్ టాడ్ అని తలుపు మీద రాసుంది.

"అమ్మాయ్, కరెంటు తీసింది మీరేనా? కెటిల్ సగంలో ఆగిపోయింది. ముందే చెప్తే టీ పెట్టేసుకునేదాన్ని గదా."

ఐల్సా ఆగిపోయింది. "మేం తీసింది మీది కాదండీ. ఎడమ పక్క ఇల్లు. ఖాళీగా ఉన్నది."

"కింద రాసింది చూసి తీశావా? అయ్యో, అది తిరగేసి రాశారమ్మా. అద్దెలు వసూలుచేసే గుమాస్తా ఒకడుండేవాడు, వీధిలో నిలబడి మేడ వైపు చూసి ఎడమా కుడీ రాసుకున్నాడు. మెట్లు మలుపు తిరిగి వీధి వైపు మొహంతో పైకొస్తాం, అప్పుడు ఎడమది కుడి అవుద్ది గదా. మా ఆయన ఉన్నప్పుడు కూడా..."

మిగతాది ఐల్సా వినలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. తన తాళం ఈ ముసలావిడ ఇంటికి పడింది. గిబ్ ఉన్న ఇంట్లో తీగల నిండా కరెంటు ఉంది. టెస్టర్ సున్నా చూపించిందంటే టెస్టరే చచ్చిపోయింది. తను 'ఆపాను' అంది. నాలుగేళ్ళుగా భయపడిన మాట, తన నోటితో, ఇందాకే అంది.

"గిబ్." అరిచాననుకుంది. గొంతు పెగల్లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. "గిబ్, ఆగు, గిబ్."

టీ మూత నేలమీద ఉంది, నిండుగా, ఆవిరి వస్తూ. గిబ్ బల్ల మీద ఉన్నాడు. పని చెయ్యని ఎడమ చెవి ఆమె వైపు. నోట్లో ఏదో కూనిరాగం. పట్టుకోసం ఎడమ చెయ్యి గ్యాసు గొట్టాన్ని పట్టుకుంది. మర బిగింపు వదులు చేసేశాడు, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు కుడిచెయ్యి చాపుతున్నాడు, లావుపాటి ఎర్ర తీగ చివర రాగిని పట్టి బయటికి లాగడానికి. చేతి వెనక వైపుతో కాదు. టెస్టర్ సున్నా అని చెప్పింది కదా. నలభై నాలుగేళ్ళ అలవాటుని ఆ రోజు వదిలేశాడు, ఐల్సా పోరు పడలేక టెస్ట్ చేశాడు కాబట్టి. నాలుగు వేళ్ళూ, బొటనవేలూ విప్పి, అరచెయ్యి తెరిచి పెడుతున్నాడు.

అలాంటప్పుడు మనిషిని ముట్టుకోకూడదని ఆమెకి నేర్పారు. అప్పటికే కరెంటు పట్టుకుని ఉంటే ఇద్దరూ పోతారు. అదంతా ఆలోచించిందా అంటే లేదు. రొట్టెల దుకాణం బల్ల వెనక పన్నెండేళ్ళు పిండి బస్తాలు జరిపిన కాలు ఆమెది. ఆ కాలితో చెక్కబల్లని తన్నింది, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి.

బల్ల ఎగిరి గోడకి కొట్టుకుంది. గిబ్ గాల్లో ఒక్క క్షణం గొట్టానికి వేలాడి, పట్టు జారి, కుడిచెయ్యి కిందికొచ్చేలా వెల్లకిలా పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు ఆ ఖాళీ ఇంట్లో స్పష్టంగా వినిపించింది.

"పిచ్చి పట్టిందా ఏంటే నీకు?" గిబ్ మొహం నొప్పితో నల్లబడిపోయింది. "నా చెయ్యి... చెయ్యి విరగ్గొట్టావు కదే. ఏం చేశానని? టీ తాగలేదనా?"

ఐల్సా నేలమీద పడున్న టెస్టర్ తీసింది. డబ్బా నొక్కి, మొనలు ఆనించింది. ఏ దీపమూ వెలగలేదు. మళ్ళీ ఆనించింది. వెలగలేదు. మెలిపడిన తీగ లోపల ఎక్కడో తెగిపోయి ఉంది. గిబ్ చూస్తున్నాడు గానీ ఇంకా అర్థం చేసుకోలేదు. ఆమె అతని సంచి బోర్లించి, పాతకాలం టెస్ట్ బల్బు తీసింది. హోల్డరు, రెండు తీగలు, ఒక గాజు బల్బు. బల్ల నిలబెట్టి ఎక్కింది. ఒక తీగ నలుపుకి, ఒకటి ఎరుపుకి, చివర్లు తగలకుండా జాగ్రత్తగా ఆనించింది.

బల్బు భగ్గున వెలిగింది. బల్బులన్నీ ఊడదీసుకుపోయిన ఆ ఇంట్లో, హాలు ఆ చివరిదాకా పసుపు వెలుతురు పడింది. వాల్‌పేపర్ మీద పూలు కూడా కనిపించాయి.

గిబ్ ఆ బల్బునే చూస్తూ కూచున్నాడు. ఆమె తీగలు తీసేసి దిగింది. గిబ్ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక కూలబడ్డాడు. దవడ వణుకుతోంది. పళ్ళు టకటకమంటున్నాయి. నొప్పికి అనుకుంది ఐల్సా. కాదు.

"నేను తప్పు ఇల్లు ఆపాను గిబ్," అంది. ఏడుపు అప్పుడొచ్చింది. "తప్పు ఇంటికి తాళం వేశాను. మూడుసార్లు చదివాను. అయినా తప్పే. నేను ఆపాను అన్నాను నీతో. నిన్ను చంపేసేదాన్ని."

"నేను ఆగుతానన్నా," అన్నాడు గిబ్. "ఆగలేదు." ఊపిరి కూడదీసుకున్నాడు. "రెండు చేతులూ తల్లీ. ఒకటి గ్యాసు గొట్టం మీద, ఒకటి తీగ మీద. గుండెలోంచే పోయుండేది. మా ఆవిడ సాయంత్రం చేపలు తెస్తానంది."

మిసెస్ టాడ్ గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి దుప్పటి, తీపి బిస్కెట్లు తెచ్చింది. కరెంటు ఉంటే టీ ఇచ్చేదాన్నని అంది. ఐల్సా కిందికెళ్ళి అంబులెన్సుకి ఫోన్ చేసింది. మెడలోని చెవితో ఎర్ర తాళం తీసింది. ముసలావిడ ఇంటికి కరెంటు ఇచ్చి, పక్క స్విచ్చి లాగి దానికి తాళం వేసింది. తర్వాత జేబులోంచి నల్ల మార్కరు తీసి, చెరిగిపోయిన పెన్సిల్ రాతల కింద ఎనిమిదింటికీ సరైన పేర్లు రాసింది. 'మెట్లెక్కి వచ్చి చూస్తే' అని ప్రతిదాని పక్కనా రాసింది, ఎనిమిదిసార్లు.

పైకొచ్చి దుప్పటి కింద వణుకుతున్న గిబ్ పక్కన కూచుంది. చల్లారిపోయిన టీ ఇద్దరూ చెరో గుక్క తాగారు.

"ఒకటి అడగనా," అన్నాడు గిబ్. "నీకు రోజూ ఇలాగే ఉంటదా? కడుపులో ఇలాగ?"

"రోజూ."

"నాలుగేళ్ళనించీ?"

"ఊఁ."

"మరి ఎలా వస్తున్నావే పనికి?"

"బస్సెక్కి," అంది. ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

జరిగింది జరిగినట్టు ఐల్సా కాగితం మీద రాసి బ్రైస్ చేతికి ఇచ్చింది. తప్పు ఇంటికి తాళం వేశాను, బల్ల తన్నాను, చెయ్యి విరిగింది, అని. పని నుంచి తీసేస్తారనుకుంది. తీసేస్తే ఈ భయం వదులుతుంది కదా అని కూడా అనుకుంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రి నుంచి గిబ్ కూడా ఒక కాగితం పంపాడు, ఎడమచేత్తో రాసింది, కోడి కెలికినట్టుంది. దాన్ని బ్రైస్ రెండుసార్లు చదివి, "ఇందులో ఒక్క ముక్కే అర్థమైంది నాకు," అన్నాడు. "ఆవిడ్ని తీసేస్తే నేనూ రాను, అన్నాడు." ఆ తర్వాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. కంపెనీలో టెస్టర్‌లన్నీ తెప్పించి చూస్తే ఇంకో రెండు చచ్చినవి బయటపడ్డాయి. అప్పటినుంచి ప్రతివాడి సంచిలోనూ ఓ డబ్బా చేరింది. 'మూడుసార్లు' అని పిలవడం మాత్రం మానలేదు. మా వాళ్ళ సంగతి అంతే.

ఏప్రిల్‌లో గిబ్ తిరిగొచ్చాడు. కట్టు విప్పారు గానీ మణికట్టు తిరగదు, స్క్రూడ్రైవర్ పట్టు చిక్కదు. పని ఐల్సా చేస్తుంది, అతను పక్కనుండి చూస్తాడు, అని బ్రైస్ తేల్చాడు. మొదటి రోజు పని మేరీహిల్ వైపు ఇంకో రాతి మేడలో, మూడో అంతస్తులో. ఇంట్లో అడుగుపెట్టగానే ఐల్సా బాత్రూం ఎక్కడో అడిగింది. చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి తలుపు దగ్గర గిబ్ నిలబడి ఉన్నాడు, అతనూ చేతులు చూసుకుంటూ.

"నేనూ వెళ్ళొస్తా ఉండు," అన్నాడు.

ఇద్దరూ కలిసి కిందికెళ్ళారు. స్విచ్చి లాగే ముందు గిబ్ మళ్ళీ పైకెక్కి, ఆ ఇంట్లో ఒక దీపం వేసి, గుమ్మంలోంచి మేడ అంతా వినపడేలా "లాగు" అన్నాడు. ఆమె లాగింది. "పోయింది," అన్నాడు పైనుంచి. తాళం వేసింది. పైకొచ్చి మూత విప్పింది. టెస్టర్ని డబ్బా మీద చూసింది, తీగ మీద చూసింది, మళ్ళీ డబ్బా మీద చూసింది. అలా మొత్తం మూడుసార్లు. చెమట పట్టిన చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుంది.

"ఆఫ్," అంది.

గిబ్ తిరగని మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఆమె వేళ్ళు తీగ వైపు వెళ్ళబోతుంటే మెల్లగా అన్నాడు.

"ఇంకొక్కసారి చూడు తల్లీ."

ఐల్సా నవ్వలేదు. డబ్బా తీసి నాలుగోసారి చూసింది.